అమ్మ మళ్లీ గడప దాటింది

బాత్రూంలో జారినప్పుడు అమ్మకు పెద్ద దెబ్బేం తగల్లేదు గానీ భయం పట్టుకుంది. గోడ పట్టుకోనిదే అడుగు వేసేది కాదు. "కదలకుండా కూర్చోమ్మా" అంటూ నేనూ కట్టిపడేశాను. కదలకపోతే కాళ్లలో బలం తగ్గి, పడే ప్రమాదం ఇంకా పెరుగుతుందని ఇంటికొచ్చిన ఫిజియోథెరపిస్ట్ చెప్పాకే నా తప్పు తెలిసింది.

కుర్చీని గోడకు ఆనించి, చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టాం. మొదటిరోజు 3 సార్లకే ఆయాసం. తర్వాత వంటగట్టు పట్టుకుని మడమలెత్తడం, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి 10 సెకన్లు నిలబడటం. పక్కనే ఉండి కూడా చెయ్యి పట్టుకోకుండా ఉండటం నాకే కష్టమైంది!

బాత్రూం గోడకు కడ్డీ బిగించాం. పడితే ఎలా లేవాలో కూడా నేర్పారు: పక్కకు ఒత్తిగిలి, మోకాళ్ల మీదకొచ్చి, కుర్చీ పట్టుకుని. అది వచ్చాకే సగం టెన్షన్ పోయింది. 6వ వారంలో చెంబుతో నీళ్లు పట్టుకుని తులసికోట దాకా ఒక్కతే వెళ్లింది.