వేటకు దిగే ముందు బోటు వైర్లు ఒకసారి చూసుకోండి

ఏప్రిల్ 15న మొదలైన వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది. ఆ వారం విశాఖ పెద జాలరిపేట ఇసుక మీద ఎవరికీ తీరిక ఉండదు. వలలకు చిరుగులు కుడతారు, బోటుకి రంగు వేస్తారు, పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడతారు. వైర్ల జోలికి మాత్రం ఎవరూ పోరు. 61 రోజులు ఉప్పుగాలికి నానిన వైర్లు అవి. పైగా అప్పటికి నైరుతి గాలి పుంజుకుని ఒడ్డు దగ్గరే అల గట్టిగా విరుగుతుంటుంది. అక్కడ మోటారు ఆగిందంటే బోటు అలకి అడ్డం తిరుగుతుంది. అందుకే ఈ పనేదో ఇసుక మీద, పగటిపూట, ముందే చేసుకోవాలి.

నా బోటు సంగతే చెప్తాను. ఒక ఏడాది నిషేధం అయిన మూడో రోజున డాల్ఫిన్ నోస్ లైటు కనిపించేంత దూరంలో మోటారు ఆపాను. వల తీసి మళ్ళీ సెల్ఫ్ కొడితే టిక్కుమంది, అంతే. ఇంకోసారి కొట్టినా టిక్కే. పక్క బోటువాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు. "బ్యాటరీ పోయింది బావా, కొత్తది పెట్టెయ్" అన్నాడు మా బావమరిది. పెట్టాను. నాలుగు రోజులు బాగానే తిరిగి మళ్ళీ టిక్. అప్పుడు మల్టీమీటర్ తెచ్చుకుని చూస్తే కొత్త బ్యాటరీ దర్జాగా 12.6 వోల్టులు చూపిస్తోంది. సెల్ఫ్ నొక్కినా ఆ అంకె పెద్దగా దిగలేదు. అసలు గుట్టు అక్కడే ఉంది. బ్యాటరీ నీరసించి ఉంటే సెల్ఫ్ నొక్కగానే 9కో ఇంకా కిందికో పడిపోవాలి. పడలేదంటే కరెంటు దారిలోనే ఎక్కడో ఆగుతోందన్నమాట.

నెగెటివ్ కేబుల్ చివర, బోల్టుకి బిగించే లగ్గు దగ్గర ఉన్న నల్ల తొడుగుని బ్లేడుతో చీల్చాను. పచ్చటి చిలుము పొడిపొడిగా రాలి ఒళ్ళో పడింది. లోపల రాగి పోగులు సగానికి పైగా తినేసి ఉన్నాయి. పైకి మాత్రం కేబుల్ కొత్తదానిలా నిగనిగలాడుతోంది. వందల్లో పోయే కేబుల్ కోసం వేలు పోసి బ్యాటరీ కొన్నాను.

కాబట్టి మీటరు లేనిదే ఈ పని మొదలెట్టకండి, చవకది చాలు. మోటారు ఆపి కొన్ని గంటలైన బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2కి వస్తే సగం ఖాళీ. తర్వాత కేబుల్ పరీక్ష. మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ సీసపు మొన మీద, క్లాంపు మీద కాదు, పెట్టండి. రెండోది మోటారు మీద ఆ కేబుల్ బిగించిన చోట తుప్పు లేని లోహానికి ఆనించండి. ఇంకొకరిని సెల్ఫ్ నొక్కమనండి. అర వోల్టు దాటి చూపిస్తే ఆ దారిలో చెడిన అతుకు ఉంది. నాది రెండు దాటింది. పాజిటివ్ వైపు కూడా ఇలాగే సెల్ఫ్ మోటారు దాకా చూడాలి. దీనికి ముందు కిల్ స్విచ్, అంటే మోటారుని ఆపేసే స్విచ్, దాని క్లిప్పు పీకి ఉంచండి. అప్పుడు చాలా మోటార్లలో సెల్ఫ్ తిరుగుతుంది గానీ మోటారు అందుకోదు. పొరపాటున అందుకుని నీళ్ళు లేకుండా తిరిగితే పంపు రబ్బరు రెక్కలు మాడిపోతాయి.

వైరు ఊడదీసేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్. పెట్రోలు వాసన తగిలితే అసలు టెర్మినల్ ముట్టుకోకండి. ట్యాంకు పక్కకి తీసి గాలి ఆడనిచ్చి అప్పుడు చూడండి. చిలుముని వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, మంచినీళ్ళు పోసి, ఆరాక గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించండి. వాజలీన్ బిగించాక పైన రాయాలి. ముందే రాస్తే అతుకు మధ్యలో చేరుతుంది. చేత్తో తిప్పే రెక్కల నట్టు ఉంటే అది మార్చి స్పానర్‌తో బిగించే లాకు నట్టు పెట్టండి, అలల కుదుపుకి రెక్కల నట్టు వదులవుతుంది.

మన దగ్గర బాగా ముదిరిన రోగం ఇంకోటుంది, మెలిపెట్టి టేపు చుట్టడం. టేపు నీటిని ఆపదు, లోపలికి వచ్చిన ఉప్పునీటిని బయటికి పోనివ్వదు. వేడి చేస్తే ముడుచుకుని జిగురు కారే గొట్టాలు దొరుకుతాయి, అవి వాడండి. ఇంటి వైరింగులో మిగిలిన ఒంటి పోగు వైరు బోటుకి వద్దు, మోటారు వణుకుకి లోపలే విరుగుతుంది. తగరం పూత ఉన్న వైరు ఖరీదే, కానీ చిలుము అంత తొందరగా పట్టదు. ఫ్యూజు పోయినచోట రాగి పోగు చుట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అక్కడ ఫ్యూజు బదులు కాలేది పెట్రోలు ట్యాంకు పక్కనున్న వైరు!

మోటారు తిరుగుతుండగా మీటరు 13.5కీ 14.5కీ మధ్య చూపిస్తే ఛార్జింగు బాగున్నట్టే. ఆ సమయంలో బ్యాటరీ వైరు పీకి పరీక్షించే అలవాటు కొందరికి ఉంది. రెగ్యులేటర్ కాలిపోవడానికి అదొక్కటి చాలు.

మోటారు తిప్పే తాడు ఉంది కదా, లాగితే అందుకుంటుందిలే అనే ధీమా పాత మోటార్లకి సరే. పెట్రోలుని కరెంటుతో చిమ్మే ఇంజెక్షన్ మోటార్లలో కొన్ని బ్యాటరీ పూర్తిగా చస్తే ఎంత లాగినా పలకవు.

సముద్రంలో ఆగితే మొదట లంగరు వేయండి, మూత తీయడం తర్వాత. ఆపైన కిల్ స్విచ్ క్లిప్పు ఊడిందా, గేరు న్యూట్రల్‌లో ఉందా, ఫ్యూజు పోయిందా, టెర్మినల్ చేత్తో తిప్పితే కదులుతోందా, ఈ వరసలో చూడండి. క్లిప్పు సంగతి చెప్తే నవ్వుతారు గానీ వల లాగుతూ మోచేయి తగిలి అది ఊడిన సందర్భాలు నాకే రెండున్నాయి. ఇవేవీ కాకపోతే, గాలి తోస్తుంటే, మొహమాటపడకుండా కోస్ట్ గార్డ్ నంబరు 1554కి ఫోన్ చేయండి. లోపలికి పోయేకొద్దీ సిగ్నల్ ఉండదు, వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంటే 16వ ఛానల్. నేను ఆ నంబరూ ఛానలూ మోటారు మూత లోపలి వైపు పెయింటుతో రాసుకున్నాను. దాని పక్కనే రెండు ఫ్యూజులు, ఒక చిన్న స్పానర్ పాలిథిన్ కవర్లో చుట్టి టేపుతో అంటించాను. టేపు ఆ ఒక్కచోటే వాడుతున్నాను.