కాగితపు బంతిపువ్వు కుదరడం లేదా?

నవంబర్ 1, 2 తేదీల్లో మెక్సికోలో చనిపోయినవారి కోసం ఇంట్లో ఒఫ్రెండా అనే పీఠం అలంకరిస్తారు. అందులో ముఖ్యమైన పువ్వు సెంపసూచిల్, అంటే మన ముద్దబంతి (బంతి పుట్టిల్లు అటువైపే). ఆ రంగు, వాసన పట్టుకుని ఆత్మలు ఇల్లు చేరతాయని నమ్మకం. పూలు ఎక్కువ రోజులు నిలవాలంటే కాగితంతో చేస్తారు. చేసేటప్పుడు వచ్చే తిప్పలు ఇవీ:

పువ్వు విచ్చుకోక బో టైలా ఉంది
పొరలు తక్కువయ్యాయి, మడత వెడల్పైంది. టిష్యూ పేపర్ కనీసం 8 పొరలు పేర్చి, విసనకర్ర మడత వేలెడు వెడల్పు దాటకుండా వేయండి. మధ్యలో సన్న తీగ చుట్టి, కొసలు రంపపు పళ్లలా కత్తిరించండి. గుండ్రంగా కత్తిరిస్తే బంతి పోలిక రాదు.

విప్పుతుంటే చిరుగుతోంది
తీగ మరీ బిగించి ఉంటారు, లేదా కొస పట్టి లాగుతున్నారు. రేకును మొదలు దగ్గర పట్టుకుని ఒక్కో పొరే లేపండి.

క్రేప్ (ముడతల కాగితం) రేకు వంపు తిరగదు
కాగితం ముడతలు అడ్డంగా వచ్చేలా కోశారు. నిలువుగా రావాలి.

సమాధి మీది పూలు రంగు దిగాయి
మంచుకు, వానకు క్రేప్ రంగు వదిలేస్తుంది. మెక్సికోలో దీనికి పాత ఉపాయం ఉంది: పువ్వును పారాఫిన్ మైనంలో ముంచడం. మైనం గిన్నెను నేరుగా మంట మీద పెట్టకుండా వేడినీళ్ల గిన్నెలో ఉంచి కరిగించండి. కాడ పట్టుకుని తలకిందులుగా ముంచి, వెంటనే తీసి విదిలించండి; గట్టిపడకముందే రేకులు విడదీయండి. తెల్లగా గడ్డలు కడితే మైనం చల్లారిందన్నమాట, మళ్లీ వేడి చేయండి. ఈ పూలను మాత్రం కొవ్వొత్తుల దగ్గర పెట్టొద్దు.

అన్నీ పెట్టినా వెలితిగా ఉంది
ఒక్క నారింజ రంగే వాడి ఉంటారు. అక్కడ బంతికి జోడీగా ముదురు ఎరుపు కోడిజుట్టు పూలు పెడతారు. బతుకమ్మ పేర్చేవాళ్లకి ఈ జోడీ కొత్తేమీ కాదు. చనిపోయిన పిల్లల కోసమైతే తెల్లపూలు కలపండి. నవంబర్ 1 వాళ్ల రోజు.

వాసన లేదు
దీనికి కాగితంలో మందు లేదు. సెంటు చల్లితే మరకలే మిగులుతాయి. కాగితపు పూలు పైన తోరణానికి కట్టి, గుమ్మం నుంచి పీఠం దాకా బాటకు మాత్రం అసలు బంతిరేకులే చల్లండి. పక్కన కోపల్ ధూపం వేయండి. అది దొరక్కపోతే సాంబ్రాణి.