పీఎం కిసాన్ రెండు వేలు పడలేదా? ముందు మూడు గడులు చూడండి

విడత వేసిన రోజు పక్కింటాయన ఫోను మోగింది, మీది మోగలేదు. వెంటనే బ్యాంకుకు పరిగెత్తకండి. పీఎం కిసాన్ సైటులో 'నో యువర్ స్టేటస్' తెరిచి రిజిస్ట్రేషన్ నంబరు కొట్టండి. నంబరు గుర్తులేకపోతే మొబైల్ నంబరుతోనో ఆధార్‌తోనో అక్కడే దొరుకుతుంది. ల్యాండ్ సీడింగ్ (మీ భూమి రికార్డు జతపడిందా), ఈకేవైసీ (ఆధార్‌తో మీ గుర్తింపు ఖాయమైందా), ఆధార్ బ్యాంకు సీడింగ్ (ఆధార్ బ్యాంకు ఖాతాకు ముడిపడిందా) అని మూడు గడులు కనిపిస్తాయి. ఎక్కడ 'నో' ఉంటే తిరగాల్సింది అక్కడికే.

సమస్య: మూడూ 'ఎస్', డబ్బు వేసినట్టే చూపిస్తోంది, పాసుబుక్కులో లేదు

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. ఈ డబ్బు మీరు రాసిచ్చిన ఖాతా నంబరును చూసి కాదు, ఆధార్‌ను చూసి వెళ్తుంది. మీకు నాలుగు ఖాతాలున్నా ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో (ఏ ఆధార్ డబ్బు ఏ బ్యాంకుకు పోవాలో రాసి ఉండే పట్టికలో) ఆధార్‌కు ముడిపడి ఉండేది ఒక్కటే, అదీ అన్నిటికన్నా చివర ముడిపెట్టింది. మా పెద్దనాన్న మూడు విడతలు రాలేదని పాసుబుక్కు ప్రింటు వేయించి వేయించి అలసిపోయాడు. తీరా చూస్తే ఆరు వేలూ ఉపాధి హామీ కూలి కోసం తీసిన పాత ఖాతాలో ఉన్నాయి. ఆ పుస్తకం ట్రంకుపెట్టెలో చీరల అడుగున దొరికింది.

పరిష్కారం: మైఆధార్ సైటులో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. మార్చుకోవాలంటే కావలసిన బ్యాంకుకెళ్లి "ఆధార్ లింక్ చేయండి" అని ఊరుకోకండి, అలా అంటే కేవైసీ చేసి పంపించేస్తారు. "డీబీటీ కోసం ఎన్‌పీసీఐ మ్యాపింగ్ చేయండి" అని అడిగి ఫారం నింపండి. డీబీటీ అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటం.

సమస్య: ఈకేవైసీ 'నో'

ఆధార్‌కు ఫోను నంబరు ఉంటే ఓటీపీతో ఇంట్లోనే అయిపోతుంది. లేకపోతే సీఎస్‌సీలో (కామన్ సర్వీస్ సెంటర్‌లో) వేలిముద్ర. మట్టిపనికి వేళ్ల గీతలు అరిగిపోయి మిషను ఒప్పుకోకపోతే, పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి చేయొచ్చు. యాప్ ప్లేస్టోర్ నుంచే తీసుకోండి. వాట్సాప్‌లో వచ్చే 'పీఎం కిసాన్' ఫైలు నొక్కారా, ఉన్న డబ్బూ పోతుంది.

సమస్య: ల్యాండ్ సీడింగ్ 'నో'

పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ తీసుకుని తెలంగాణలో ఏఈవోను (వ్యవసాయ విస్తరణ అధికారిని), ఆంధ్రలో రైతు సేవా కేంద్రాన్ని కలవండి. రెండింట్లో పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. భూమి ఇంకా చనిపోయిన నాన్న పేరునే ఉంటే ముందు వారసత్వ మార్పిడి, తర్వాతే కొత్త దరఖాస్తు. 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్న భూమికి ఈ పథకం వర్తించదు, వారసత్వంగా వచ్చినదానికి వర్తిస్తుంది.

సమస్య: నిన్నటిదాకా వచ్చి, ఇప్పుడు అనర్హులంటున్నారు

భార్యాభర్తలిద్దరి పేరునా భూమి ఉన్నా కుటుంబానికి ఒక్కరికే. కిందటి మదింపు సంవత్సరంలో ఆదాయపన్ను కట్టినా, నెలకు 10,000 లేదా అంతకుమించి ప్రభుత్వ పింఛను వస్తున్నా రాదు (నాలుగో తరగతి ఉద్యోగులకు మినహాయింపు ఉంది). రిటర్ను వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. లోను కోసం సున్నా పన్నుతో రిటర్ను వేసినవాళ్లు ఆ కాగితం చూపించి అడగొచ్చు.

సమస్య: కౌలుకు చేస్తున్నాను, ఎప్పుడూ రాలేదు

దీనికి సైటులో మందు లేదు. పీఎం కిసాన్ భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకే. తెలంగాణలో 2025 జనవరి 26న మొదలైన రైతు భరోసా, ఎకరాకు ఏడాదికి 12,000, అదీ పట్టా ఉన్నవాళ్ల ఖాతాకే వెళ్తుంది. కౌలు ముందే కట్టి, ఎరువులు అప్పు తెచ్చి వేసేవాడు ఎస్సెమ్మెస్ చప్పుడు మాత్రం పక్కనుంచి వింటాడు. ఆంధ్రలో కౌలుదారుకు సీసీఆర్‌సీ కార్డు (పంట సాగుదారు హక్కు పత్రం) ఉంది, దాని ఆధారంగా రాష్ట్ర ప్రభుత్వ రైతు సాయమైన అన్నదాత సుఖీభవకు అడగొచ్చు. కార్డు కోసం భూ యజమాని సంతకం కావాలి, పేచీ అంతా అక్కడే. పంట వేయకముందే, కౌలు మాట్లాడుకునే రోజే ఆ సంతకం సంగతీ తేల్చుకోండి.

అన్నీ సరిగ్గా ఉన్నా రాకపోతే 155261కి ఫోను చేయండి. రిజిస్ట్రేషన్ నంబరు పక్కన పెట్టుకోండి, ముందు అదే అడుగుతారు.