ముందు భాగం దించిన ఫోక్స్‌వ్యాగన్ బస్: సమస్య - పరిష్కారం

1967 ఆగస్టు నుంచి వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2, అంటే ముందు ఒకే పెద్ద అద్దం ఉండే 'బే విండో' బస్‌ను ముందువైపు నేలకు దగ్గరగా దించితే వచ్చే తంటాల గురించి ఇది. అంతకుముందు వచ్చిన స్ప్లిట్ స్క్రీన్ (ముందు అద్దం రెండు ముక్కలుగా ఉండే) బస్‌లో బాల్ జాయింట్లకు బదులు కింగ్ పిన్లు (ముందు చక్రం పక్కకు తిరగడానికి ఆధారమయ్యే పిన్నులు) ఉంటాయి కాబట్టి ఇందులో కొన్ని మాటలు దానికి వర్తించవు.

ఈ బస్ ముందు కాయిల్ స్ప్రింగులు ఉండవు. అడ్డంగా రెండు గొట్టాలున్న బీమ్, ఆ గొట్టాల్లో కట్టగా పేర్చిన ఉక్కు పట్టీలు ఉంటాయి. పట్టీల నడుమ భాగం గొట్టానికి బిగించి ఉంటుంది, చివర్లు ట్రైలింగ్ ఆర్ముల్లోకి (చక్రాన్ని మోస్తూ పైకీ కిందికీ ఆడే చేతుల్లోకి) వెళ్తాయి. చక్రం లేస్తే పట్టీలు మెలి తిరుగుతాయి, అదే స్ప్రింగ్. బండిని దించడానికి రెండు దారులున్నాయి. ఒకటి, నడుమ బిగింపును తిప్పే అడ్జస్టర్లు గొట్టాలకు వెల్డు చేయడం. రెండోది, చక్రం కూర్చునే ఇరుసును పైకి జరిపి తయారుచేసిన డ్రాప్ స్పిండిళ్లు వేయడం. వీటితో సుమారు రెండున్నర అంగుళాలు దిగుతుంది. అడ్జస్టర్ తిప్పితే ఆర్ములు పైకి లేచిపోతాయి. స్పిండిల్ మారిస్తే ఆర్ములు ఉన్నచోటే ఉంటాయి. కింద చెప్పే తంటాలు చాలావరకు ఈ తేడా దగ్గరే మొదలవుతాయి.

చిన్న గుంతకే ధన్‌మని కొడుతోంది

కారణం: ఆర్ము మరీ పైకి లేవకుండా ఆపే రబ్బరు దిమ్మను, అంటే బంప్ స్టాప్‌ను, అప్పటికే ఆనుకుని ఉండటం. ఇక చక్రానికి లేవడానికి చోటే లేదు. పాత పొడవు షాక్ అబ్జార్బర్లనే ఉంచితే అవి కూడా అడుగంటా నొక్కుకుపోతాయి.

తేల్చుకోవడం తేలికే. బంప్ స్టాప్ కొనకు కాస్త బంకమట్టి అంటించి, ఎప్పుడూ వెళ్లే దారిలో నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి రండి. మట్టి నలిగి పల్చబడితే దొరికినట్టే.

పరిష్కారం: అడ్జస్టర్‌ను వెనక్కి తిప్పి ఆర్ములను అసలు స్థితికి దగ్గరగా తెచ్చి, కావలసిన ఎత్తును డ్రాప్ స్పిండిల్‌తో సాధించాలి. ఆ తర్వాతే మిగిలిన కాస్త దించుడు అడ్జస్టర్‌తో. ఆర్ము ఉండే స్థితికి సరిపడే పొట్టి షాక్‌లు వేయాలి.

మెత్తగా ఉంటుందని పట్టీలు కొన్ని తీసేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. నేను 1972 బస్ కొన్నప్పుడు దానికి ముందే ఎవరో అలాగే చేసి ఉన్నారు. బ్రేకు తొక్కినప్పుడల్లా ముక్కు నేలకు వంగి రబ్బరు మీద కూర్చునేది. మళ్లీ మొత్తం పట్టీల కట్ట వేశాకే అది బండిలా నడిచింది.

ఇదే సందర్భంలో బాల్ జాయింట్లు (ఆర్ము కొసను స్పిండిల్‌కు కలిపే బంతి కీళ్లు) చూడండి. ఆర్ములు మరీ పైకి లేస్తే లోపలి స్టడ్ (బంతికి ఉండే కాడ) గూడు అంచుకు తగులుతుంది. అలా తగిలి తగిలి విరిగితే చక్రం ఊడి పక్కకు పడిపోతుంది. తొడుగు చిరిగినా, స్టడ్ మెడ మీద మెరిసే గీత కనిపించినా జాయింట్ మార్చి ఎత్తు సరిచేసేదాకా బండి తీయకండి.

హైవే మీద బండి నిలకడగా పోవడం లేదు

మొదట టో చూడాలి, అంటే పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో. ఎత్తు మారితే టై రాడ్ల (స్టీరింగ్ కదలికను చక్రాలకు అందించే కడ్డీల) వాలు మారుతుంది, దాంతో టో మారుతుంది. దించిన తర్వాత అలైన్‌మెంట్ చేయించకపోతే టైరు అంచులు కూడా త్వరగా అరిగిపోతాయి.

టో సరిగా ఉన్నా బండి తేలుతోందంటే కాస్టర్‌ను, అంటే చక్రం పక్కకు తిరిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణాన్ని, అనుమానించాలి. ముందు భాగాన్నే దించి వెనక అలాగే వదిలేస్తే బండి మొత్తం ముందుకు వాలుతుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 2,400 మి.మీ. కాబట్టి వెనకకంటే ముందు ప్రతి 42 మి.మీ. అదనంగా దిగితే దాదాపు ఒక డిగ్రీ కాస్టర్ పోతుంది. ఫ్యాక్టరీ పెట్టిందే సుమారు 3 డిగ్రీలు. ముందు భాగాన్నే మూడంగుళాలు దించినవాడికి మిగిలేదెంతో లెక్క వేసుకోండి! మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాకపోవడం దీని గుర్తు. వెనక భాగాన్ని కూడా దించి వాలు తగ్గించడమే మందు.

తిప్పినప్పుడు టైరు వీల్ ఆర్చ్‌కు రాసుకుంటోంది

చక్రం పైకి వచ్చింది, పైగా బయటికి కూడా వచ్చి ఉండవచ్చు. కొన్ని రకాల డ్రాప్ స్పిండిళ్లు చక్రాన్ని కాస్త బయటికి నెడతాయి. మొదట రిమ్ ఆఫ్‌సెట్ (రిమ్ నడిమి గీతకూ అది హబ్‌కు ఆనే ముఖానికీ మధ్య దూరం), టైరు వెడల్పు చూసుకోండి. అవి సరిగ్గా ఉన్నా రాసుకుంటే వెడల్పు తగ్గించిన బీమ్ వేయాలి; దాంతోపాటు టై రాడ్లనూ పొట్టివి వేయాలి.

సన్నటి కారు టైర్లు వేసి దాటేద్దామనుకోవద్దు. ఈ బస్‌కు సాధారణంగా వేసే 185ఆర్14సి టైరు లోడ్ ఇండెక్స్ 102, అంటే ఒక్కో టైరు 850 కిలోలు మోస్తుంది. బస్ బరువు మారలేదు, టైరు బలమూ తగ్గకూడదు.

ఒక పక్క ఒరిగి ఉంది

అడ్జస్టర్ మీద కోపం తెచ్చుకోకండి. పట్టీలు రెండు పక్కలకూ ఉమ్మడి, నడుమ తిప్పితే రెండూ కలిసే కదులుతాయి. పైగొట్టం, కిందిగొట్టం అడ్జస్టర్లు మాత్రం ఒకే మేర తిరిగి ఉండాలి, లేకుంటే పై ఆర్ము ఒకవైపు, కింది ఆర్ము మరోవైపు లాగుతుంటాయి.

ఒరుగుడుకు మూలం తరచు వెనకే ఉంటుంది. వెనక టోర్షన్ గొట్టం (వెనక స్ప్రింగు కడ్డీలుండే అడ్డ గొట్టం) నడుమ చెక్క దిమ్మ పెట్టి ట్రాలీ జాకీతో చక్రాలు నేల వదిలేదాకా ఎత్తండి (కిందికి మాత్రం దూరకండి). ముందు భాగం సమంగా నిలిస్తే తప్పు వెనకది. అప్పటికీ ఒరిగే ఉంటే ఆర్ము వంగిందేమో, ఆర్మును పట్టీలకు బిగించే స్క్రూ దాని గుంటలో సరిగా కూర్చుందో లేదో చూడాలి. క్యాంపర్‌లో అల్మారాలన్నీ ఒకే పక్కన ఉంటే ఆ బరువునూ లెక్కలోకి తీసుకోవాలి.

చిన్నవే, కానీ వదలకూడనివి

స్పీడోమీటర్ ఎక్కువ చూపిస్తే టైరు చిన్నదైందని అర్థం. దాని కేబుల్ ఎడమ ముందు చక్రం నుంచే తిరుగుతుంది. కిర్రుమంటే చక్రాలు నేలకు తగలకుండా ఎత్తి బీమ్ మీది నాలుగు నిపుల్స్‌కూ (గ్రీజు ఎక్కించే చిన్న మొనలకు) గ్రీజు కొట్టండి. ముక్కు వాలింది కాబట్టి హెడ్‌లైట్లు మళ్లీ సరిచేయాలి. స్పిండిల్ కొనేముందు మీది డ్రమ్మా డిస్కా చూసుకోండి, 1970 ఆగస్టు నుంచి ముందు డిస్క్ బ్రేకులు వచ్చాయి. బిగించాక స్టీరింగ్‌ను రెండు కొసలకూ తిప్పి, బ్రేకు గొట్టం ఎక్కడా బిగుసుకోవడం లేదని, టైరుకు తగలడం లేదని చేత్తో తడిమి చూడండి.