రిజల్ట్ వచ్చేదాకా మెడ తడుముకోకండి

ముందుగా ఒక మాట. హెచ్ఐవీ సోకిందేమోనని అనుమానం వచ్చిన ఆ సంఘటన (కండోమ్ లేని కలయిక లాంటిది) జరిగి ఇంకా 72 గంటలు దాటకపోతే ఇది చదవడం ఆపి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. వైరస్ ఒంట్లో పాతుకుపోకుండా ఆపే పెప్ మందులు అడగండి. 28 రోజులు వాడాలి, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. నాకీ సంగతి తెలిసేసరికి అయిదో రోజు.

ఒడిశా అంచున ఉన్న పర్లాకిమిడిలో నాది టైలరింగ్ షాపు. పొరపాటు ఊరుగాని ఊళ్ళో జరిగింది, వివరాలు వద్దు. తర్వాత మూడు నెలలూ నా చేతులే నాకు శత్రువులు. కస్టమర్ మెడకు టేపు చుట్టిన వేళ్ళే, అతను మెట్లు దిగగానే నా దవడ కింద గడ్డల కోసం వెతికేవి. రోజుకు ముప్పైసార్లు నొక్కితే ఎవరి మెడైనా నొప్పెడుతుంది. ఆ నొప్పినే లక్షణం అనుకున్నాను. కత్తెర పక్కన థర్మామీటర్. అది 99 చూపిస్తే ఆ పూట కాజాలన్నీ వంకరే.

జ్వరం, దద్దుర్లు, గొంతునొప్పి సవాలక్ష కారణాలకు వస్తాయి. హెచ్ఐవీ సోకినా కొందరికి ఏ లక్షణమూ కనిపించదు. ఒంటిని చూసి తేల్చడం డాక్టర్ వల్లే కాదు, మన వేళ్ళ వల్ల ఏమవుతుంది? తెలిసినా నేను ఆగలేకపోయాను. అందుకే మనవడికి పనికొస్తుందని చెప్పి థర్మామీటర్ పక్కింటి అత్తకు ఇచ్చేశాను. రాత్రిళ్ళు ఫోన్ షాపులోనే వదిలి తాళం వేసేవాణ్ణి.

ఆ తేదీ మాత్రం రాసి పెట్టుకోండి. నేను కొలతల పుస్తకం చివరి పేజీలో 'లైనింగ్' అని రాసుకున్నాను. చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే నాలుగో తరం పరీక్ష 45 రోజులకు దాదాపు అన్ని కేసులనూ పట్టేస్తుంది. వేలికొన రక్తంతో చేసే ర్యాపిడ్ పరీక్షకు 90 రోజులు ఆగాలి. అంతకు ముందు నెగెటివ్ వస్తే ఊరటే గానీ తుదిమాట కాదు. నేను 20వ రోజుకే ఒక ప్రైవేటు ల్యాబ్‌కి పరుగెత్తాను. రక్తం విశాఖ పంపామన్నారు, రేపు రమ్మన్నారు. అలా నాలుగు రేపులు.

పరీక్షకు సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం పోదామనుకున్నాను. అక్కడా సగం మంది నేను కుట్టిన చొక్కాలే వేసుకుంటారు! చివరికి మా ఊళ్ళోనే ప్రభుత్వ ఐసీటీసీకి, అంటే హెచ్ఐవీ సలహా, పరీక్షల కేంద్రానికి వెళ్ళాను. పరీక్ష ఉచితం, రిజల్ట్ మామూలుగా అదే రోజు ఇస్తారు. మన ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదనీ, ఫలితం గుట్టుగా ఉంచాలనీ 2017 నాటి చట్టం ఉంది. కౌన్సెలర్ ఒడియాలో మొదలుపెట్టి, నా మొహం చూసి తెలుగులోకి మారింది. మొదటి కిట్‌లో రియాక్టివ్ (సోకి ఉండొచ్చనే సూచన) వచ్చినా అదే పాజిటివ్ కాదట, వేర్వేరు కిట్లతో మూడుసార్లు చూశాకే ఖాయం చేస్తారట. పాజిటివ్ అయినా వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితమే, 2004 నుంచీ ఇస్తున్నారు. వెళ్ళడానికి భయమైతే ముందు ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, ఉచితం.

తేలేదాకా రక్తదానం చేయకండి, కండోమ్ లేకుండా కలవకండి. నేను మొదట నడుంనొప్పి అని సాకు చెప్పాను. పన్నెండో రోజు ఇంటావిడకు నిజం చెప్పేశాను. నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు క్యాలెండర్‌లో పాల లెక్క పక్కన మిగిలిన రోజులు రాయడం మొదలుపెట్టింది.

92వ రోజు నెగెటివ్. ఇంట్లో మాటలు ఇంకా పూర్తిగా కలవలేదు. మొన్న అత్త థర్మామీటర్ తిరిగివ్వబోతే ఉంచుకోమన్నాను.