పీఎన్ఎఫ్ఎస్ క్లయింటుకు డేటా సర్వర్ అందనప్పుడు

నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లు పంచుకునే ఎన్ఎఫ్ఎస్ ప్రోటోకాల్ 4.1తో వచ్చిన పీఎన్ఎఫ్ఎస్ పద్ధతిలో క్లయింటు ఫైలు ఎక్కడుందో తెలిపే లేఅవుట్‌ను మెటాడేటా సర్వర్ (ఫైళ్ల పేర్లు, స్థానాల వంటి వివరాలు చూసే సర్వర్) నుంచి తీసుకుని, అసలు డేటాను మాత్రం నేరుగా డేటా సర్వర్లతో ఇచ్చిపుచ్చుకుంటుంది. అందుచేత డైరెక్టరీ జాబితా చక్కగా కనిపిస్తూనే, ఫైలు చదవబోయేసరికి ప్రోగ్రాం నిలిచిపోయినా, బాగా నెమ్మదించినా, ముందుగా అనుమానించవలసింది డేటా సర్వర్‌నే.

మొదట కెర్నల్ లాగ్‌లో "నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్" అనే సందేశం ఉందేమో చూడండి. తరువాత ఆ క్లయింటు యంత్రం నుంచే ప్రతి డేటా సర్వర్ 2049 పోర్టుకూ కనెక్షన్ కుదురుతోందో లేదో పరీక్షించండి. మెటాడేటా సర్వర్‌కు మాత్రమే ఫైర్‌వాల్ తెరిచి, డేటా సర్వర్లను మరచిపోవడం చాలా సులువుగా జరిగే పొరపాటు.

లైనక్స్ క్లయింటు తనకు అందని డేటా సర్వర్‌ను 120 సెకన్ల పాటు పక్కన పెట్టి, సాధారణంగా ఆలోపు చదవడం, రాయడం మెటాడేటా సర్వర్ ద్వారానే సాగిస్తుంది. పని నెమ్మదిస్తుంది గాని ఆగదు. కాబట్టి లోపం సరిచేసిన వెంటనే వేగం రాలేదని కంగారుపడకుండా, రెండు నిమిషాలు దాటాకే మళ్లీ కొలవండి.

ఈలోగా బలవంతంగా అన్‌మౌంట్ చేయవద్దు, అంటే సర్వర్ ఫైళ్లతో క్లయింటుకున్న జోడింపును తెంచవద్దు. సర్వర్‌కు ఇంకా చేరని డేటా క్లయింటు మెమరీలోనే ఉండి, పోయే ప్రమాదముంది. నిరీక్షణ తప్పించుకోవడానికి సాఫ్ట్ మౌంట్‌కు మారడమూ నా దృష్టిలో సరికాదు, ఎందుకంటే గడువు తీరగానే అది ప్రోగ్రాంకు ఎర్రర్ ఇస్తుంది, ఆ ఎర్రర్‌ను పట్టించుకోని ప్రోగ్రాం సగం రాసిన ఫైలును పూర్తయినట్టే భావిస్తుంది. రాసే ఫైళ్లకు, సర్వర్ జవాబిచ్చేదాకా ప్రయత్నిస్తూనే ఉండే హార్డ్ మౌంటే ఉంచండి. జవాబు కోసం ఎంతసేపు ఆగాలో తెలిపే మౌంట్ ఐచ్ఛికం టైమియో (timeo) విలువ సెకనులో పదో వంతుల లెక్కన ఉంటుంది, అంటే 600 అంటే 60 సెకన్లు.