బడిలో ఫ్రెంచ్, ఇంట్లో తెలుగు: పిల్లలకు ఇంగ్లీష్ – 4వ పాఠం: 'పుట్ టూ అవర్స్' అంటే ఏమిటి?

'ఐ పాస్డ్ మై ఎగ్జామ్' అంటే పిల్లవాడు పరీక్ష నెగ్గినట్టేనా? పోయిన పాఠంలో వదిలేసిన ఈ ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. పిల్లవాడు బడి నుంచి వచ్చి 'ఐ పాస్డ్ మై ఎగ్జామ్' అన్నాడంటే స్వీట్ల డబ్బా తెరవడానికి తొందరపడకండి. ఫ్రెంచ్‌లో 'పాసే' అంటే పరీక్ష రాయడం, అంతే. నెగ్గడానికి వాళ్ళకు 'రేయుసీర్' అని వేరే మాట ఉంది. పాపం వాడు చెప్పింది 'పరీక్ష రాశాను' అని. ఇంగ్లీష్‌లో 'ఐ టుక్ మై ఎగ్జామ్' అనాలి.

కొత్తగా చేరిన వాళ్ళ కోసం ఒక మాట. మేముండే కెనడాలోని క్యూబెక్‌లో 1977 నాటి భాషా చట్టం (ఇక్కడ అందరూ 'బిల్ 101' అంటారు) వల్ల ఇండియా నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళ పిల్లలు చాలా వరకు ఫ్రెంచ్ బడికే వెళ్తారు. ఇంగ్లీష్ వాళ్ళకు ఫ్రెంచ్ మీదుగా వస్తుంది, తప్పులు కూడా ఆ దారినే వస్తాయి. ఆ తప్పులను ఇంట్లో ఉన్న తెలుగుతో ఎలా సరిచేయవచ్చో ఈ పాఠాల్లో చూస్తున్నాం. ఈసారి కాలానికి సంబంధించిన క్రియలు.

ఒకరోజు మా వాడు 'ఐ పుట్ టూ అవర్స్ టు ఫినిష్ ద ప్రాజెక్ట్' అన్నాడు. 'ఎక్కడ పెట్టావురా ఆ రెండు గంటలూ?' అని నవ్వాను. తర్వాత తెలిసింది, ఫ్రెంచ్‌లో అలాగే అంటారట. 'మెత్ర్' అంటే పెట్టడం. ఒక పనికి ఎంతసేపు పట్టిందో చెప్పడానికీ అదే క్రియ: 'జే మీ' అని మొదలుపెట్టి గంటలు చెప్తారు. అక్కడ గంటలు పెట్టేది మనిషి, కర్త అతనే.

ఇప్పుడు మన వాక్యం చూడండి: 'నాకు రెండు గంటలు పట్టింది.' ఇందులో నేను కర్తను కాను. 'నాకు' అని పక్కన నిలబడ్డాను. ఇంగ్లీష్ కూడా ఇదే పని చేస్తుంది: 'ఇట్ టుక్ మి టూ అవర్స్.' మన 'నాకు' అక్కడ 'మి', మన 'పట్టింది' అక్కడ 'టుక్'. తేడా ఒక్కటే. ఇంగ్లీష్ వాక్యం కర్త లేకుండా కదలదు కాబట్టి ముందు ఒక 'ఇట్'ను నిలబెడుతుంది. పిల్లవాడికి 'టేక్' గురించి వ్యాకరణం చెప్పకండి. 'బస్సులో ఎంతసేపు పట్టింది? అన్నం తినడానికి ఎంతసేపు పట్టింది?' అని తెలుగులో అడిగి, జవాబు ఇంగ్లీష్‌లో రాబట్టండి. వారం రోజులు చేస్తే 'పుట్' దానంతటదే పోతుంది. ఫ్రెంచ్‌లో 'సా మా ప్రీ' అని, అచ్చంగా 'ఇట్ టుక్ మి' లాంటి మాట కూడా ఉంది. అది వాడే పిల్లలకు ఇది ఇంకా తేలిక.

సినిమా ఎంతసేపు ఉంటుందో చెప్పడానికి 'లాస్ట్'. ఆ మాటకు 'చివరిది' అనే అర్థం ఒక్కటే తెలిసిన పిల్లలు దాన్ని క్రియగా వాడడానికి జంకుతారు. 'ద మూవీ లాస్ట్స్ టూ అవర్స్' అని నాలుగుసార్లు అనిపించండి చాలు.

'లూజ్ టైమ్' అన్నాడంటే, వృథా చేయడానికి ఫ్రెంచ్‌లో 'పెర్ద్ర్', అంటే పోగొట్టుకోవడం అంటారు కాబట్టి. దీనికి మన ఇంటి తెలుగే మందు. 'టైమ్ వేస్ట్ చేయకు' అని మనం రోజుకు పదిసార్లు అంటూనే ఉంటాం కదా! అలాగే 'గాన్యే' అంటే గెలవడం. అందుకే కొందరు 'విన్ టైమ్' అంటారు, అక్కడ 'సేవ్' రావాలి. క్యూబెక్‌లో మాత్రం ఇంగ్లీష్ చూసి నేర్చుకున్న 'సోవే ద్యు తాం' కూడా వినిపిస్తుంది. ఫ్రెంచ్ టీచర్లకు అది నచ్చదు, కానీ ఇంగ్లీష్ నేర్పే మనకు కలిసొస్తుంది.

'ఐ యామ్ అటెండింగ్ ద బస్' కూడా వింటారు. బస్సేమన్నా పెళ్ళా, అటెండ్ అవడానికి? ఫ్రెంచ్‌లో 'అతాంద్ర్' అంటే ఎదురుచూడడం. 'వెయిట్' నేర్పినా 'ఐ వెయిట్ ద బస్' అని 'ఫర్' మింగేస్తారు, ఎందుకంటే ఫ్రెంచ్ క్రియ పక్కన ఆ 'ఫర్' ఉండదు. తెలుగులో 'బస్సు కోసం' అంటాం. ఆ 'కోసం' గుర్తు చేయండి.

మ్యాచ్ 'రిపోర్టెడ్ టు మండే' అంటే సోమవారానికి వాయిదా పడిందని, 'పోస్ట్‌పోన్' అనాలి. ముందుకు జరిగితే 'బ్రింగ్ ఫార్వర్డ్'. ఇక్కడ తప్పు మన వైపు నుంచి కూడా రావచ్చు: 'ప్రీపోన్' మన దేశంలో అందరికీ తెలిసిన మాటే కానీ ఇక్కడి ఆఫీసులో అంటే చాలామంది మొహం తేలేస్తారు.

ఇక తెలుగు మనల్ని ఆదుకోని చోటు. 'ఐ లివ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్.' ఇది ఫ్రెంచ్ పిల్లల తప్పు అని నవ్వుకునేలోపు మనం చెప్పే వాక్యం వినండి: 'మూడేళ్ళ నుంచి ఇక్కడ ఉంటున్నాం.' ఫ్రెంచ్ 'దెప్వి' లాగే మన 'నుంచి' కూడా 'మూడేళ్ళ నుంచి', '2021 నుంచి' అని రెండు చోట్లా ఒకేలా సరిపోతుంది. క్రియ కూడా ఇద్దరికీ వర్తమానమే. నేనూ ఏళ్ళ తరబడి మీటింగుల్లో 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫోర్ ఇయర్స్' అన్నదాన్నే.

కాబట్టి 'నుంచి' రాగానే ఒక క్షణం ఆగాలి. అది 'ఎంతకాలంగా?' అన్న ప్రశ్నకు జవాబైతే 'ఫర్', 'ఎప్పటి నుంచి?' అన్నదానికైతే 'సిన్స్'. క్రియ రెండు చోట్లా ఒకటే: 'వియ్ హావ్ లివ్డ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్', 'వియ్ హావ్ లివ్డ్ హియర్ సిన్స్ 2021'. మా ఇంట్లో మొదట్లో 'హావ్' మర్చిపోయిన వాళ్ళు ఆ పూట గిన్నెలు కడగాలని పెట్టాం. ఎక్కువసార్లు నేనే కడిగాను.

ఈ వారం పిల్లలతో చెప్పించాల్సినవి: 'ఈ లెక్కకు నాకు గంట పట్టింది', 'అరగంట నుంచి నీ కోసం ఎదురుచూస్తున్నాను', 'వాన వల్ల మ్యాచ్ శనివారానికి వాయిదా పడింది', 'వీకెండ్ అంతా అమ్మమ్మతో గడిపాను'. చివరిదాంట్లో ఫ్రెంచ్ 'పాసే' మళ్ళీ అడ్డొస్తుంది, కాస్త చూసుకోండి. జవాబులు వచ్చే పాఠంలో. భోజనానికి పిలిస్తే గదిలోంచి 'ఐ అరైవ్!' అని ఎందుకు అరుస్తారో కూడా అప్పుడే చూద్దాం.